నృత్యశిక్షణకు వీడియో ఆటల తోడ్పాటు

(సికింద్రాబాదులో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఆషాఢ మాసమున ఈ సికింద్రాబాదులో ఉజ్జయినీ మహంకాళి జాతర జరుగును. డప్పు మ్రోగినంతనే, ఎవరును పిలువకయే, పోతరాజు వెంట యువకులు అడుగు కలుపుదురు. కావున మన బిడ్డలకు నాట్యాసక్తి లేదనుట సరికాదు. జాతర ముగిసిన పిదప ఆ యుత్సాహమునకు త్రోవ చూపువారు లేరు. చేతిలోని ఫోను, అందలి వీడియో ఆటలు వారి తీరిక నాక్రమించుచున్నవి.

ఆ ఆటలనే నృత్యశిక్షణకు వినియోగింపవచ్చునని మా మనవి. 1998లో జపానులో వెలువడిన ‘డాన్స్ డాన్స్ రెవల్యూషన్’ అను ఆటలో తెరపై బాణపు గుర్తులు కనబడును. ఆటగాడు వాని ననుసరించి, తాళము తప్పక, క్రిందనున్న పలకపై అడుగు వేయవలెను. 2009లో వచ్చిన ‘జస్ట్ డాన్స్’ ఆటలో తెరమీది నర్తకుని సరిగా అనుకరించిన కొలది మార్కులు లభించును. సిగ్గరియైన పిల్లవాడు సైతము నవ్వులపాలగుదునను భయము లేక పదిమారులు అభ్యసించును. మన కోలాటపు అడుగులను సైతము ఈ పద్ధతిని ఆటగా మలచవచ్చును.

అయితే యంత్రము అడుగు పడిన వేళను లెక్కించునే కాని, ఎదుటివారి కోలకు తన కోల నందించు నేర్పును అలవరుపజాలదు. అందులకు గురువు కావలెను.

గురుపరంపర తెగినచో ఎంత కష్టమో పేరిణి నృత్యమును చూచి గ్రహింపవచ్చును. కాకతీయుల నాటి ఆ నృత్యము మరుగుపడగా, శ్రీ నటరాజ రామకృష్ణగారు జాయపసేనాని 13వ శతాబ్దమున రచించిన ‘నృత్తరత్నావళి’ని, రామప్ప దేవాలయ శిల్పములను ఆధారముగా గొని పునరుద్ధరించిరి. 1985 శివరాత్రినాడు రామప్పగుడియందే అది ప్రదర్శింపబడినది. శిల్పముల నడిగి తెలిసికొనవలసిన స్థితి మన కోలాటమునకు, చిరుతలకు, ఒగ్గుడోలునకు రాకూడదు. వాని నెరిగిన పెద్దలు నేడు మన గ్రామములలోనే యున్నారు.

కావున పంచాయతీలు చేయదగిన పనులు మూడు. మొదటిది, అట్టి పెద్దల పేర్లు వ్రాసికొని, వారి అనుమతితో అడుగులను, తాళమును ఫోనుతో చిత్రించి భద్రపరచుట. రెండవది, సమీప ఇంజనీరింగు కళాశాల విద్యార్థులచే వానితో చిన్న ఆటను తయారుచేయించుట. అందు గురువు పేరు, ఊరి పేరు కనబడవలెను. మూడవది, గ్రంథాలయమునగాని పాఠశాలలోగాని సాయంకాలము అరగంట ఆట, పిమ్మట గంటసేపు గురువు చెంత సాధన ఏర్పరచి, ఆయనకు తగిన పారితోషికము నిప్పించుట.

ఆట పిల్లవానిని గురువు వాకిటివరకు తేగలదు. ఆ వాకిట గురువుండగనే ఈ పని జరుగవలెను. రాబోవు పండుగనాటికి ప్రతి గ్రామమునను ఒక్క గురువును, పదిమంది శిష్యులును కనబడుదురుగాక.