పంపు తోయాలి, పీల్చకూడదు: పాత పెట్రోలు బండ్ల గురించి

(యాడికిలో సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించి, పంటల బీమా గురించి ఇంతసేపూ మాట్లాడుకున్నాం. ఇప్పుడు మన ఇంటి ముందు నిలబడి ఉండే బండి గురించి కాసేపు మాట్లాడుకుందాం. ఇది చిన్న విషయం అనిపించొచ్చు. కానీ చీనీ కాయలతోనో, టమాటా పెట్టెలతోనో మార్కెట్‌కు బయల్దేరిన బండి మధ్యాహ్నం ఎండలో దారిలో నిలిచిపోతే ఆ రోజు ధర ఎంత పలికినా మనకు దక్కదు. పంపు తప్పుగా బిగిస్తే ప్రాణానికే ముప్పు.

మేము మాట్లాడేది కార్బురేటర్ ఉన్న పాత పెట్రోలు బండ్ల గురించి: పెట్రోలు జీపులు, పాత ఓమ్నిలు, జిప్సీలు, పెట్రోలుతో నడిచే పాత ట్రక్కులు. 2000 ప్రాంతం నుంచి కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. ఇంజెక్షన్ బండ్లకు, డీజిల్ బండ్లకు, ట్రాక్టర్లకు ఈ మాటలు వర్తించవు. "అంత పాత బండి ఎందుకు, అమ్మేయండి" అనేవాళ్లున్నారు. కొత్తది కొనే స్తోమత ఉంటే మనమూ అదే చేస్తాం. పైగా ఉన్నదాన్ని ఉంచుకోవడమూ ఖరీదే అయింది. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన వాటికి 10,000 చేశారు. అంత కట్టి ఉంచుకున్న బండి క్షేమంగా నడవాలి కదా.

ఈ బండ్లకు కంపెనీ నుంచి వచ్చింది ఇంజను పక్కనే ఉండే మెకానికల్ పంపు. లోపల ఒక డయాఫ్రం కొట్టుకుంటూ, వెనక ఉన్న ట్యాంకు నుంచి పెట్రోలును పీల్చుకుంటుంది. డయాఫ్రం చిరిగినప్పుడు చాలామంది దాని బదులు ఎలక్ట్రిక్ పంపు వేయించుకుంటున్నారు. అది మంచిదే. కానీ పాత పంపు ఉన్న చోటే, బానెట్ కింద, వేడి ఇంజను పక్కనే కొత్తదాన్నీ బిగించేస్తున్నారు. చిక్కంతా అక్కడే ఉంది.

ఎందుకో మన బావుల దగ్గర్నుంచే చూద్దాం. బోర్లు రాకముందు మన తాతలు, తండ్రులు బావిలో ఇంజను పెట్టి నీళ్లు తోడారు. నీటిమట్టం తగ్గేకొద్దీ ఇంజనును, పంపును బావిలోకి దించుకుంటూ పోయారు. గట్టు మీదే ఉంచితే కుదరదా? కుదరదు. పంపు నీటిని నిజంగా లాగదు, బయటి గాలి ఒత్తిడే నీటిని పైకి నెడుతుంది. లెక్క ప్రకారం అది 34 అడుగులు, ఆచరణలో 20, 25 అడుగులు దాటదు. అదే పంపు పైకి తోయడానికైతే ఎంత ఎత్తయినా తోస్తుంది, గుర్రాల బలం ఉంటే చాలు. ఇప్పటి సబ్‌మెర్సిబుల్ మోటారు నీళ్లలోనే మునిగి ఉండి, వందల అడుగుల లోతు నుంచి పైకి తోసేది ఇందుకే.

పెట్రోలుకూ ఇదే సూత్రం, కాకపోతే ఇంకా కఠినంగా. నీళ్లు వంద డిగ్రీలకు మరుగుతాయి. పెట్రోలులోని తేలిక భాగం 40 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలుపెడుతుంది. మన ఎండ అంతకు తక్కువేమీ కాదు, బానెట్ కింద వేడి దానికి రెట్టింపు దాకా పోతుంది. పీల్చే పైపులో ఒత్తిడి తగ్గుతుంది గనుక అక్కడ పెట్రోలు ఇంకా తొందరగా ఆవిరవుతుంది. ఆవిరిని పంపు నెట్టలేదు. ఫుట్‌వాల్వు కారి గాలి పట్టిన మోటారు ఎట్లా ఉత్తినే తిరుగుతుందో, ఇదీ అట్లాగే తిరుగుతుంది. దీన్నే మెకానిక్‌లు వేపర్ లాక్ అంటారు. పంపు మీద తడిగుడ్డ వేసి అరగంట ఆగితే బండి మళ్లీ కదిలేది, ఆవిరి చల్లబడి తిరిగి పెట్రోలు అయినందుకే.

కాబట్టి పంపును ట్యాంకు దగ్గరికి తీసుకుపోవాలి. ట్యాంకు అడుగు మట్టానికి సమానంగా గానీ, కాస్త కిందికి గానీ చాసీస్‌కు బిగించాలి. అప్పుడు పీల్చే పైపు అడుగో రెండడుగులో ఉంటుంది. మిగతా పైపంతా ఒత్తిడిలో ఉంటుంది గనుక పెట్రోలు అంత తేలిగ్గా ఆవిరి కాదు. సైలెన్సర్ పైపుకు కనీసం అడుగు దూరం ఉండాలి. గనుల దారుల్లో చక్రం ఎగరేసే కంకర తగలని చోటు చూడాలి, చాసీస్ లోపలి వైపు మంచిది. మనుషులు కూర్చునే చోట, సీటు కింద ఎన్నడూ పెట్టకూడదు. పంపు మీద బాణం గుర్తు ఉంటుంది, అది ఇంజను వైపు చూడాలి. కింద రబ్బరు బుష్‌లు వేస్తే అదురు, మోత తగ్గుతాయి. ట్యాంకు దగ్గర ఒక కాక్ పెట్టించండి. పంపు కిందికి ఉంటుంది గనుక పైపు తెగితే ట్యాంకు మొత్తం కారిపోకుండా కట్టేయడానికి అదొక్కటే దారి.

పంపుకు ముందు చెత్త ఆపే జాలీ ఫిల్టరు చాలు. సన్న కాగితం ఫిల్టరు అక్కడ పెడితే పీల్చడానికి అడ్డమవుతుంది, దాన్ని పంపు తర్వాత పెట్టాలి. పాత మెకానికల్ పంపును తీసేసి, ఆ రంధ్రానికి ప్యాకింగ్‌తో పట్టీ బిగించాలి. దాన్ని అట్లాగే వదిలి అందులోంచే పెట్రోలు పంపితే, చిరిగిన డయాఫ్రంలోంచి పెట్రోలు ఇంజను ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ మట్టం పెరిగినా, డిప్‌స్టిక్ పెట్రోలు వాసన కొట్టినా బండి నడపొద్దు.

పంపు కొనేటప్పుడు ఒత్తిడి అడగండి. కార్బురేటర్‌కు చదరపు అంగుళానికి రెండు నుంచి నాలుగు పౌండ్లు చాలు. ఇంజెక్షన్ బండి పంపు నలభై పౌండ్లు, ఆ పైన ఇస్తుంది. "పెద్ద పంపు, పవర్ ఎక్కువ" అని ఎవరైనా అంటగట్టినా తీసుకోవద్దు. ఆ ఒత్తిడికి కార్బురేటర్‌లోని నీడిల్ ఆగదు. పెట్రోలు పొంగి వేడి ఇంజను మీద పడుతుంది. ఓమ్నిలో ఇంజను ఉండేది మన సీటు కిందే. మనకు కావలసిన పెట్రోలు ఎంతో లెక్కేయండి. గంటకు 50 కిలోమీటర్లు పోతూ లీటరుకు 8 కిలోమీటర్లు ఇచ్చే బండి నిమిషానికి 100 మిల్లీలీటర్లే తాగుతుంది. నిమిషానికి అర లీటరు ఇచ్చే పంపు దండి.

ఇక అన్నింటికన్నా ముఖ్యమైన మాట. ఇంజను ఆగితే మెకానికల్ పంపు దానంతట అదే ఆగుతుంది. ఎలక్ట్రిక్ పంపు ఆగదు. బండి గుద్దుకుని పైపు తెగినా, తాళం ఆన్‌లో ఉన్నంతసేపు అది పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది. అందుకే పంపు కరెంటును రిలే, ఫ్యూజు ద్వారా ఇచ్చి, ఆయిల్ ప్రెషర్ స్విచ్‌తో కలపాలి. ఇంజను ఆగి ఆయిల్ ఒత్తిడి పడిపోగానే పంపు ఆగుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం సెల్ఫ్ వైరు నుంచి కరెంటు అందేట్టు చేస్తారు. మీరే పరీక్షించుకోవచ్చు. ఇంజను ఆగి ఉండగా తాళం ఆన్ చేసి చెవి పెట్టండి. పంపు టకటకమని కొట్టుకుంటూనే ఉంటే ఆ పని పూర్తి కానట్టే. మెకానిక్‌కు డబ్బు ఇచ్చేముందు ఈ పరీక్ష చేయండి.

పైపుల సంగతి కూడా చూడాలి. పెట్రోలులో ఇథనాల్ కలపడం 2003లో 5 శాతంతో మొదలై, 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. పాత రబ్బరు పైపులు, డయాఫ్రంలు ఇథనాల్‌కు తట్టుకునేట్టు చేసినవి కావు. ఉబ్బుతాయి, పగుళ్లు ఇస్తాయి. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది, నెలల తరబడి నిలబెట్టిన బండి ట్యాంకు అడుగున నీరు చేరుతుంది. మొక్కజొన్న, చెరకు రైతుకు ఇథనాల్ వల్ల గిరాకీ వస్తే మనకూ సంతోషమే. కానీ పాత బండ్లకు నాలుగు చక్రాల వాటిలో 6, 7 శాతం మైలేజీ తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. ఆ భారం పాత బండి తప్ప గతిలేని రైతు మీద పడకూడదు. బంకుల్లో 10 శాతం పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలని మనం అడగాలి. అది వచ్చేదాకా ఇథనాల్‌కు తట్టుకునే పైపులే కొని, ప్రతి చివరా క్లిప్పు వేయించండి. నీళ్ల లెవెల్ చూసే ప్లాస్టిక్ పైపు ఎంత చవకైనా పెట్రోలుకు పనికిరాదు.

పని చేసేటప్పుడు బ్యాటరీ నెగటివ్ ముందే తీసేయండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, గుంతల్లో నిలుస్తుంది. గుంత మీద, మూసిన షెడ్డులో వద్దు, ఆరుబయట చేయించండి. బీడీ, వెల్డింగు, వేలాడే బల్బు దగ్గర ఉండకూడదు. ఇసుక బకెట్టు పక్కన పెట్టుకోండి. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట ఇంకా పాకుతుంది.

మా విన్నపం ఒక్కటే. వచ్చే నెల సమావేశానికి పెట్రోలు బండి ఉన్నవాళ్లు బండితోనే రండి. రాయలచెరువు వైపు వాళ్లకూ చెప్పండి. తెలిసిన మెకానిక్‌ను కూర్చోబెట్టి, వరసగా ఒక్కో బండి చూద్దాం: పంపు ఎక్కడుంది, తాళం ఆన్ చేస్తే ఆగుతుందా, పైపు ఉబ్బిందా. మార్చాల్సినవి ఎన్నో తేలితే పైపులు, రిలేలు అందరికీ కలిపి కొనొచ్చు, ధర తగ్గుతుంది. ఎండలు ముదరకముందే ఈ పని అయిపోవాలి.