అసెంబ్లీ నకలు - డ్రాఫ్ట్స్‌మన్ బాధ్యత ఎంతవరకు?

డ్రాయింగు ఆఫీసులలో బోర్డు స్థానాన్ని కంప్యూటరు ఆక్రమించింది. సాలిడ్‌వర్క్స్ వంటి సాఫ్ట్‌వేరులో అసెంబ్లీ ఫైలు సాధారణంగా విడిభాగాల ఫైళ్ళను తనలో ఇముడ్చుకోదు. అవి ఏ పేరుతో, ఎక్కడ ఉన్నవో మాత్రమే గుర్తుంచుకుంటుంది. అందుచేత అసెంబ్లీని మాత్రమే నకలు తీసి, అందులో ఒక బ్రాకెట్టు కొలతను మార్చినట్లయితే, పాత డిజైనులో కూడా ఆ కొలత మారిపోతుంది. విడిభాగం పేరును ఫోల్డరులో నేరుగా మార్చినట్లయితే, అసెంబ్లీకి దాని జాడ తెలియదు.

కావున ‘ప్యాక్ అండ్ గో’ ద్వారా విడిభాగాలను, డ్రాయింగులను కలిపి ఒకేసారి నకలు తీసి, పేర్లకు ముందో వెనుకో కొత్త గుర్తును చేర్చాలి. ఒకే ఫైలులో పలు పరిమాణాలుగా ఉండే కాన్ఫిగరేషన్లను ఒక్కొక్కటిగా తెరిచి సరిచూడాలి.

ఈ తనిఖీ కూడా పనే. దానికి తగిన శిక్షణ, వ్యవధి ఇవ్వకుండా, తప్పు జరిగినపుడు డ్రాఫ్ట్స్‌మన్‌కు మెమో ఇవ్వడం న్యాయం కాదు. ఆ రెండింటినీ ఐక్యంగా సాధించుకుందాం.