వించి కట్టే చేతులు జాగ్రత్త
(షార్జాలో జరిగిన మన ఫోరం వార్షిక సమావేశంలో ఒక గ్యారేజీ ఫ్యాబ్రికేటర్ చేసిన ప్రసంగ పాఠం)



మైకు పట్టుకోవడం నాకు అలవాటు లేదు. చేతిలో వెల్డింగ్ హోల్డర్ ఉంటేనే నాకు ధైర్యం. కార్యదర్శి గారు "నీకు తెలిసిన పని గురించే చెప్పు కాకా" అన్నారు, అందుకే ఒప్పుకున్న. ఇక్కడ కూర్చున్నవాళ్లలో గ్యారేజీ పనోళ్లున్నారు, పికప్ డ్రైవర్లున్నారు, ఎడారిలో సైటు పనికి పోయేటోళ్లున్నారు. బండి ఇసుకలో దిగబడితే అర్బాబ్ పిలిచేది మనల్నే. బంపర్‌కు వించి బిగించేది మనమే, తాడు పట్టుకుని ముందుకు నడిచేది కూడా మనమే. కాబట్టి ఈ ముచ్చట మనదే.

మొదట నా తప్పు చెప్పుకుంటా. కొన్నేళ్ల కిందట నేను పనిచేసే గ్యారేజీకి ఒక పికప్ వచ్చింది. "సాయంత్రానికి వించి పెట్టి ఇయ్యాలె" అన్నారు. టైము లేదు. 3 మిల్లీమీటర్ల రేకుతో రెండు బ్రాకెట్లు కోసి, పాత బంపర్ బోల్టులు ఉన్న రంధ్రాలకే బిగించిన. నల్ల పెయింట్ కొట్టినంక చూడ్డానికి గట్టిగానే ఉంది. నెల తిరగకముందే ఆ బండి సబ్ఖాలో ఇరుక్కుంది. ఉప్పు పర్ర నేల సంగతి మీకు తెలుసు, పైన ఎండిన పెచ్చు, కింద బంక. వించి లాగుతుంటే ఎడమ బ్రాకెట్ చిరిగింది. బంపర్ ఒక పక్కకు తిరిగింది, తాడు పక్కన నిలబడ్డ హెల్పర్ పిల్లగాడి ముంజేయి విరిగింది. మన నిజామాబాద్ దిక్కు పిల్లగాడు. అదే దెబ్బ తలకు తగిలి ఉంటే నేనీడ నిలబడి మాట్లాడేవాణ్ణి కాదు.

ఆ బ్రాకెట్ ఇప్పటికీ నా టూల్ బాక్సులో ఉంది. ఈ రోజు తెచ్చిన, చేతులు మార్చి చూడండి. బోల్టు తెగలేదు. రంధ్రం చుట్టూ రేకు కాగితం లాగ చిరిగింది. M12 సైజు 8.8 గ్రేడు బోల్టు ఒక్కటే అడ్డంగా తెగాలంటే సుమారు 4 టన్నుల బలం కావాలి. మన తిప్పలంతా బోల్టు కాడ కాదు, దాన్ని పట్టుకున్న పల్చటి రేకు కాడ.

కంపెనీ నుంచి వచ్చే బంపర్ లాగడానికి చేసింది కాదు. గుద్దుకున్నప్పుడు నలిగిపోయి లోపలి మనుషులను కాపాడటానికి చేసింది. పైన ప్లాస్టిక్, లోపల ఒక బీమ్, దాని వెనక నలగడానికే పెట్టిన డబ్బాలు. దానికి వించి తగిలిస్తే అది నలగడం మానుతుందా? ఎయిర్‌బ్యాగులున్న కొత్త బండ్లకైతే ఆ మోడల్ కోసమే చేసిన వించి బంపర్ కొనిపించండి, సొంత తెలివి వద్దు. చాసిస్‌లో మార్పు చేయాలంటే ట్రాఫిక్ శాఖ అనుమతి కూడా ఉండాలి. అది ఓనరు తేవాలి, మనం అడగాలి.

ఇప్పుడు లెక్క. బండి, అందులో సామాను కలిపి 3 టన్నులనుకోండి. వించి దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలనేది మామూలు లెక్క, అంటే 4.5 టన్నులు, దగ్గర దగ్గర 10,000 పౌండ్ల వించి. చాలామంది బ్రాకెట్‌ను బండి బరువు చూసి చేస్తారు. అట్ల కాదు. వించి గట్టిగా లాగి ఆగిపోయే దాకా ఎంత బలం పెడుతుందో, బ్రాకెట్ దానికి పైన నిలబడాలి. 12,000 పౌండ్ల వించి అంటే 5,400 కిలోల పైమాట. తాడు పక్కకు లాగితే ఆ బరువులో ఎక్కువ భాగం ఒక్క చాసిస్ కొమ్ము మీదే పడుతుంది, మెలి కూడా పెడుతుంది. నా బ్రాకెట్ చిరిగింది అట్లనే.

ఇప్పుడు నేను చేసే తీరు చెప్తా. వించి కూర్చునే ట్రే 6 మిల్లీమీటర్ల ప్లేటు. దాని నుంచి రెండు పక్కలా పొడుగు ప్లేట్లు చాసిస్ పక్క గోడల వెంట వెనక్కి పోవాలి. చాసిస్ మూతి మీద మాత్రమే బిగిస్తే బోల్టులను ఊడబీకినట్టు లాగుతుంది. పక్క గోడకు బిగిస్తే బరువు నాలుగు బోల్టులకు పంచుకుంటుంది. ఆ నాలుగూ ఒకే గీతలో కాకుండా దూరం దూరంగా ఉండాలి, అప్పుడే మెలి తట్టుకుంటాయి. మూలల్లో మూడు మూలల గసెట్ ప్లేట్లు వేయండి. ట్రే ఎడమ కొమ్మును కుడి కొమ్మునూ కలిపి పట్టుకోవాలి. లేదంటే పక్కకు లాగినప్పుడు ఒకటే వంగుతుంది.

పెట్టెలాంటి చాసిస్‌లో అటునుంచి ఇటు బోల్టు దూర్చి బిగిస్తే గోడలు లోపలికి నలుగుతాయి. నాలుగు రోజులకు బోల్టు లూజు. అందుకే బోల్టు దూరేటంత మందపాటి పైపు ముక్కను సరిగ్గా లోపలి వెడల్పుకు కోసి మధ్యలో పెట్టాలి. పని విసుగే, గంట ఎక్కువ పడుతుంది, దానికి ఎవరూ అదనంగా ఒక్క దిర్హం ఇయ్యరు. అయినా వదలకండి. స్టీలు మెరుస్తుందని స్టెయిన్‌లెస్ బోల్టులు అడిగే గిరాకీలుంటారు. మామూలుగా దొరికే A2-70 స్టెయిన్‌లెస్ 8.8 కంటే ముందే సాగుతుంది. తుప్పు పడకపోవడం వేరు, బలం వేరు.

వెల్డింగ్ సంగతి. పెయింట్, జింక్ పూత గ్రైండర్‌తో పూర్తిగా తీసి, తళతళలాడే ఇనుము మీదే కొట్టండి. జింక్ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వచ్చినట్టు ఉంటుంది, మాస్కు పెట్టుకోండి. 7018 రాడ్లు తేమ పీల్చుకుంటే లోపల పగుళ్లు వస్తాయి. సముద్రం పక్క ఊళ్లలో తెరిచిన డబ్బా అట్లే వదిలేయొద్దు. చాసిస్‌కు అడ్డంగా, నిలువు గీతలాగ వెల్డు కొట్టకండి, పగులు అక్కడే మొదలవుతుంది. పొడవు వెంట కొట్టండి. ముందు బ్యాటరీ మైనస్ విప్పండి, ఎర్త్ క్లిప్పు వెల్డు దగ్గరే పెట్టండి, బ్రేకు పైపు ఎటు పోతుందో చూసుకోండి.

ఇక తాడు. ఇనుప తాడు తెగితే పాము లాగ కొడుతుంది. సింథటిక్ తాడు తేలిక, తెగినా అంత ఎగరదు. కానీ ఎండకు, వేడికి, ఇసుక రాపిడికి పాడవుతుంది, మన ఎడారిలో మూడూ ఉన్నాయి. డ్రమ్ము మీద కనీసం కొన్ని చుట్లు ఎప్పుడూ మిగలాలి. ఇనుప తాడును ఉత్త చేతులతో పట్టొద్దు. తాడు బిగుసుకున్నప్పుడు మధ్యలో బరువైన గుడ్డో, మందపాటి జాకెట్టో వేయండి. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో లేనివాళ్లను వెళ్లగొట్టండి. వీడియో తీసేవాణ్ణి ముందు.

కప్పీ వేసి తాడును వెనక్కి తెచ్చినప్పుడు లాగుడు దాదాపు రెట్టింపవుతుంది. కొక్కాన్ని బంపర్ మీది షాకిల్‌కే తగిలిస్తే రెండు తాళ్ల బరువూ అదే బ్రాకెట్ మోస్తుంది. కొక్కాన్ని చాసిస్‌కు బిగించిన టో పాయింటుకు తగిలించండి. వెనక ట్రెయిలర్ బాల్‌కు మాత్రం ఎప్పుడూ వద్దు. అది విరిగి తూటా లాగ వచ్చి మనుషులు చనిపోయారు.

పని మీద దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు యజమానిదే. యూఏఈ 2021 కార్మిక చట్టం ప్రకారం వైద్యం జరిగే కాలానికి, 6 నెలల దాకా పూర్తి జీతం, ఇంకా అవసరమైతే మరో 6 నెలలు సగం జీతం రావాలి. మా పిల్లగాడికి అప్పట్లో ఇది చెప్పేవాళ్లు లేరు. "బయట పడ్డానని చెప్పు" అని ఎవరో నేర్పించారు, వాడు ఆసుపత్రిలో అట్లే చెప్పిండు. అట్ల చెప్పకండి. ఎక్కడ తగిలిందో అక్కడే తగిలిందని రాయించండి, కాగితం ఫోటో తీసి ఇంటికి పంపించండి.

గ్యారేజీ తమ్ముళ్లకు ఒక్కటి. బిగించిన ప్రతి బోల్టు తల మీద నుంచి ప్లేటు మీదికి తెల్ల పెయింట్‌తో గీత గీయండి. మొదటిసారి వించి వాడినంక బండి తెప్పించుకుని చూడండి. గీత విరిగి కనబడితే బోల్టు తిరిగినట్టే, మళ్లీ బిగించి ఊరుకోకుండా ఎందుకు తిరిగిందో విప్పి చూడండి. నేనైతే ఇప్పుడు ఆ గీత గీయకుండా ఏ బండీ బయటికి పంపను, అర్బాబ్ గడియారం చూపించినా సరే.