పంచిన విద్య, పెరిగిన పేరు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



యాగంటి క్షేత్రమునకు వచ్చినవారెల్లరును ఇచ్చటి కోనేటిని చూచియే యుందురు. కొండలో ఊరిన నీరు నంది నోటినుండి ఎడతెగక పడుచుండును. కదలక నిలిచిన నీటికి పాచి పట్టును. పారెడి నీరు తేటగా నుండును. విద్యయు నట్టిదే.

వృత్తిలో పేరు గడింపవలెనని కోరని యువకుడు లేడు. కాని తన కిటుకు తోటివానికి చెప్పినచో తన నోటికూడు పోవునేమో యని భయము. మరికొందరు పెద్దల గడపలు త్రొక్కి, పని గడచువరకు నమస్కరించి, పిమ్మట మొగము చాటువేయుదురు. మొదటిది పిసినారితనము, రెండవది బేరము. ఈ రెండింటివలనను పేరు నిలువదనుటకు, ఈ సీమలో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి జీవితమే నిదర్శనము.

ఆయన 1883లో కర్నూలులో జన్మించెను. 1906 నాటికి ఎం.ఏ. పట్టభద్రుడు. ఆ దినములలో ఆ పట్టము సర్కారు కొలువునకు రాజమార్గము. అయినను 1907లో రాజమహేంద్రవర ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో వందేమాతరోద్యమమున పాల్గొని బహిష్కృతుడయ్యెను. 1908లో బెజవాడనుండి ‘స్వరాజ్య’ పత్రికను నడపి, అందలి వ్రాతకై కారాగారము పాలయ్యెను. కొలువు లేదు, ధనము లేదు. సర్కారు కన్నెఱ్ఱ మాత్రము మిగిలెను.

అట్టివానికి మిగిలిన ఆస్తి యేమి? పూర్వము తాను పంచిన విద్యయే. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, అయ్యదేవర కాళేశ్వరరావు ప్రభృతులతో కూడి విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపనలో ఆయన పాలుగొనెను. ఆ మండలి ప్రథమ ప్రచురణ ఆయన వ్రాసిన అబ్రహాం లింకన్ చరిత్రము. ఇంగ్లీషు చదివినవారికే అందుచుండిన విషయమును తెలుగువారి చేతిలో పెట్టిన పని అది. చెఱ వెడలిన పిమ్మట చెన్నపట్టణమున లక్ష్మణరావుగారితో కలసి పనిచేయ గలిగెను. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వ రచనలో తోడ్పడెను. ఆ స్నేహము పదవికై కట్టినది కాదు, పనిలో పుట్టినది. కనుకనే కష్టకాలమున తెగలేదు.

తరువాత ఆయన పత్రికలు నడపెను; వయోజన విద్యకై పాటుపడెను; ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు అధ్యక్షుడయ్యెను. ప్రజలాయనను ‘ఆంధ్ర తిలక్’ అనిరి. 1960లో పరమపదించువరకు ఆ గౌరవము తగ్గలేదు.

పంచిన భావ మెంత దూరము పోగలదో నంద్యాలయే చెప్పును. 1928లో అచ్చట జరిగిన ఆంధ్ర మహాసభ సందర్భమున ‘దత్తమండలములు’ అను పేరు వలదని, ‘రాయలసీమ’ అను పేరు ప్రతిపాదింపబడెను. దానిని సూచించినది చిలుకూరి నారాయణరావుగారని పలువురును, గాడిచర్లవారని కొందరును చెప్పుదురు. ఆ మాటపై ఎవరును హక్కు వ్రాయించుకొనలేదు. సభలో పలికిన మాట సీమకంతకును పేరయ్యెను.

ఇట పంచినవాడు నష్టపడడా యను ప్రశ్న మిగులును. ఒక్కొక్కప్పుడు పడును. చెప్పిన మాటను మరియొకడు తనదిగా చెప్పుకొనవచ్చును. కాని దాచినవాని విద్య వానితోనే కాటికి పోవును. ఆ నష్టము ఊరంతటిది. ఆళ్లగడ్డలో శిల్పశాలలు పెక్కులున్నవి. తండ్రి కుమారునకు, గురువు శిష్యునకు ఉలిపట్టు నేర్పనిచో ఆ ఊరికి విగ్రహములకై దూరపువారు వత్తురా?

ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయము పుస్తకములను దాచు కొట్టు కాదు; వినియోగించు నెలవు. వారమునకొక సాయంకాలము ఒక రైతు తన విత్తనపు అనుభవమును, ఒక ఉపాధ్యాయుడు తన పాఠమును, ఒక శిల్పి రాతి ఎంపికను ఇచ్చట చెప్పునట్లు ఏర్పాటు చేయుడు. చెప్పువాడు తన తప్పును గూడ దాచక చెప్పవలెను. వినువాడు ఎవరివలన నేర్చెనో నలుగురిలో చెప్పవలెను. ఈ రెండు నియమములు నిలిచినచో పేరుకై వెదుకనక్కరలేదు. అడిగి వచ్చువారే దానిని వెంటగొని వత్తురు.