సూది చొరని గది



వైద్యశాలలో రోగులకు కావలసిన వస్తువులేవి యని యడిగినచో మంచము, మందు, పథ్యము, మంచినీరు, మంచిగాలి యని మనమందరము చెప్పుదుము. ఆ పట్టికలో బొమ్మను గూడ చేర్చువారు మిక్కిలి యరుదు. రోగి పసిబిడ్డ యైనప్పుడు బొమ్మయు మందు వంటిదే యనియు, ఆడుకొనుటకొక గది వైద్యశాలలో నుండుట విలాసము కాదనియు ఈ పూట మీకు విన్నవింపదలచితిని. అట్టి గదులను సిద్ధపఱచుటలో అగ్నిమాపకభటులు చేయి వేసినారన్న మాట వినుటకు వింతగా నుండవచ్చును. నిప్పు నార్పువారికిని, బిడ్డల బొమ్మలకును సంబంధమేమి? దానినే వివరించెదను.

పెద్దవాడు వైద్యశాలకు పోయినప్పుడు తనకు సూది యేల వేయుచున్నారో, పుండు కడిగి కట్టు మార్చుట యేల యవసరమో యెఱుగును. నొప్పి కలిగినను పండ్లు బిగబట్టి యోర్చుకొనును. మూడేండ్ల బిడ్డ యేమి యెఱుగును? వాని కంటికి కనబడునవి క్రొత్త గోడలు, ముఖమునకు గుడ్డ కట్టుకొన్న క్రొత్త మనుష్యులు. వారు దగ్గఱకు వచ్చిన ప్రతిమారును నొప్పి కలుగును. తాను చేసిన యేదో తప్పునకు తల్లిదండ్రులు తన్ను వీరికప్పగించి దండింపించుచున్నారని తలచు బిడ్డలును కలరని బాలల మనస్సును పరిశీలించినవారు చెప్పుచున్నారు. దేహముననున్న రోగమొకటి, దానిపై మోపబడిన ఈ భయము రెండవది. మొదటిదానికి మందు కలదు. రెండవదానిని వైద్యులు చాలకాలము లెక్కలోనికే తీసికొనలేదు.

ఇంగ్లండు దేశపు సంగతి చూడుడు. 1949 నాటికి లండను నగరములోని గొప్ప వైద్యశాలలలో ఒకదానియందు, తల్లిదండ్రులు తమ బిడ్డను చూచుటకు వారమునకొక దినమున రెండుగంటలు మాత్రమే యనుమతి యుండెను. మఱియొకచోట మొదటి నెలలో బిడ్డ మేలుకొనియుండగా చూడనే రాదు. రాత్రి 7 గంటలు మొదలు 8 గంటల లోపున, నిద్రించుచున్న బిడ్డను చూచి పోవలసినదే. ఈ నియమములు చేసినవారు కఠినచిత్తులు కారు. అంటురోగములు లోనికి వచ్చునని వారి భయము. తల్లి వచ్చి పోయినప్పుడెల్ల బిడ్డ యేడ్చును గావున, ఆమె రాకున్నచో కొలదిదినములలో నెమ్మదించునని వారి నమ్మకము.

ఆ నెమ్మది యెట్టిదో జేమ్సు రాబర్ట్‌సను అను పరిశీలకుడు 1952లో చలనచిత్రముగా తీసి లోకమునకు చూపెను. రెండేండ్ల బాలిక యొకతె చిన్న శస్త్రచికిత్సకై యెనిమిది దినములు వైద్యశాలలో నుండెను. దినదినమును ఆ బిడ్డ ముఖము, చూపు, మాట యెట్లు మాఱినవో ఆ చిత్రమున కనబడును. ఆమె బిగ్గఱగా నేడ్చిన బిడ్డ కాదు. ఊరకుండుటను ఊఱటగా నెంచరాదనియు, అది దిగులు లోపల గూడుకట్టుకొనుట యనియు చూచినవారు క్రమముగా గ్రహించిరి. మొదట కొందఱు వైద్యులు కోపించిరి. అయినను 1959లో సర్ హ్యారీ ప్లాటు అధ్యక్షుడుగా ప్రభుత్వము నియమించిన సంఘము, తల్లిదండ్రులను బిడ్డలయొద్దకు నిరాటంకముగా రానీయవలసినదనియు, వైద్యశాలలో బిడ్డలకు ఆటయు చదువును కల్పింపవలసినదనియు సిఫారసు చేసెను. ఈ విషయమున మన వాడుక మొదటినుండియు మేలైనది. మనచోట బిడ్డ మంచము ప్రక్కను తల్లియో, అమ్మమ్మయో చాపవేసికొని యుండుట సామాన్యము. కాని, ఆట మాటయో? అది మనకును క్రొత్తదే.

అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయపు వైద్యశాల 1922 నాటికే బిడ్డల యాటకు ఏర్పాటు చేసినదని చెప్పుదురు. 1955లో క్లీవ్‌లండు నగరమున ఎమ్మా ప్లాంకు అను విదుషి ఈ పనికి శాస్త్రీయమైన రూపము నిచ్చెను. ఆమె వియన్నా నగరమున మాంటిసోరీ పద్ధతి నభ్యసించిన ఉపాధ్యాయిని. ఇప్పుడు ఆ దేశమున పెద్ద బాలవైద్యశాలలలో, ఈ పనికే శిక్షణ పొందినవారు వైద్యులతోడను దాదులతోడను సమానముగా తిరుగుచుందురు. వారు నడపు ఆటగదికి ఒక నియమము కలదు. ఆ గదిలో సూది వేయరాదు, నెత్తురు తీయరాదు, కట్టు విప్పరాదు, చేదుమందు త్రాగింపరాదు. ఎంత గొప్ప వైద్యుడైనను ఆ గడప దాటినచో ఆడుకొనుటకే రావలెను. చికిత్స కావలసివచ్చెనా, బిడ్డను మఱియొక గదికి గొనిపోయి చేసి, తిరిగి ఆటగదికి తేవలెను.

ఈ నియమము చిన్నదిగా కనబడును గాని, దీని బలము గొప్పది. వైద్యశాల యంతటిలోను ఇచ్చట మాత్రము నాకు నొప్పి కలుగదని బిడ్డ తెలిసికొనును. ఆ నమ్మకము కుదిరిన పిమ్మట వాడు చేయు పనులు చూడదగినవి. బొమ్మను పండుకొనబెట్టి, సూదిలేని పిచికారిని దాని చేతికి గ్రుచ్చినట్లు నటించును. దాని కాలికి కట్టు కట్టును. “ఏడువకుము, అయిపోయినది” అని బుజ్జగించును. నిన్నటిదినమున తనకు జరిగినదంతయు నేడు తన చేతులతో తాను జరిపించును. భయపడినవాడే భయమును పాలించువాడగును. పెద్దలు తమ దుఃఖమును పదిమందితో చెప్పుకొని తేలికపడుదురు. మాటలు చాలని బిడ్డలు దానిని ఆడుకొని తేలికపడుదురు.

ఇక అగ్నిమాపకభటుల మాట. కాలిఫోర్నియా రాష్ట్రమున శాక్రమెంటో యను నగరము కలదు. 1972 సెప్టెంబరు 24వ తేదీ ఆదివారమునాడు, అచ్చటి విమానాశ్రయమునుండి బయలుదేఱిన పాత యుద్ధవిమానమొకటి పైకి లేవలేక, హద్దు దాటి పోయి, ఎదుటనున్న ఐస్‌క్రీము దుకాణమును గుద్దుకొని మండిపోయెను. ఆ దుకాణము పిల్లలతో నిండియుండెను. 22 మంది మరణించిరి. వారిలో 12 మంది బిడ్డలు. మఱుచటి యేడు, అనగా 1973లో, అగ్నిమాపకదళపు నాయకుడగు క్లిఫ్ హాస్కెల్ ముఖ్యుడుగా ఆ నగరపు భటులు ఒక సంస్థను స్థాపించిరి. ఆ సంస్థ పూనికతో అచ్చటి విశ్వవిద్యాలయ వైద్యశాలలో, కాలినవారి చికిత్సకై ప్రత్యేక విభాగమేర్పడెను. మంట నార్పి బిడ్డను బయటికి తెచ్చుటతో తమ పని ముగియలేదని వారు తలచిరి. తలుపు పగులగొట్టి తెచ్చిన బిడ్డ తరువాత ఏమైనదో తెలిసికొనవలెనను కోరిక ఆ వృత్తిలోనివారికి సహజము.

ధనము కూర్చుటకు అమెరికాలోని అగ్నిమాపకభటుల రీతి చూడముచ్చటైనది. తాము తొడుగుకొను పెద్ద బూటును చేతబట్టి నాలుగు దారులు కలియుచోట నిలుతురు. దారిని పోవువారు దానిలో తోచినంత వేసి పోవుదురు. మనవారు జోలె పట్టినట్లే వారు బూటు పట్టుదురు. కండరములు క్షీణించు వ్యాధిగల బిడ్డల కొఱకు 1954 మొదలు వారి సంఘము ఈ కార్యమును చేపట్టినది. చేతిపని యందును వారు అందెవేసినవారు. 1939 మొదలు 1945 వఱకు జరిగిన రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇంగ్లండులోని అగ్నిమాపకభటులు, గంట మ్రోగని వేళలలో, కఱ్ఱముక్కలతో బొమ్మలు చేసి శిశుశాలల కిచ్చిరి. బాంబుల మంటలతో పోరాడిన చేతులే బొమ్మ గుఱ్ఱములకు రంగు వేసినవి.

ఇట్టివారి సాయముతో వెలసిన ఆటగదులు అమెరికా వైద్యశాలలలో కొన్నింట కలవు. ఒక మూల చెక్కతో చేసిన ఎఱ్ఱని ఫైరింజను. దానికి చుక్కాని చక్రము, గంట. గోడకు చిన్న శిరస్త్రాణములు, చిన్న కోటులు. అలమరల అఱలు చక్రముల కుర్చీలో కూర్చున్న బిడ్డకు అందునంత యెత్తున నుండవలెను. మంచము మీదనే యుండవలసిన బిడ్డను మంచముతో సహా తేవలసివచ్చును గాన తలుపు వెడల్పుగా నుండవలెను. బొమ్మలు తుడిచి శుభ్రపఱచుటకు వీలైనవి కావలెను. ఏలయన ఒకరి నోటబెట్టుకొన్న బొమ్మ మఱియొకరికి రోగము తేరాదు. గదిలోనికి రాదగని అంటురోగపు బిడ్డకు బొమ్మలే మంచము కడకు పోవలెను.

గదికి ఇట్లొక వేషమేల, నాలుగు బొమ్మలు చాలవా యని మీరడుగవచ్చును. వేషమునకు ప్రయోజనము కలదు. శరీరములోపలి భాగములను చిత్రించు పెద్ద యంత్రములను నిర్మించు డగ్ డియెట్జ్ అను అమెరికా శిల్పి, తాను రూపొందించిన యంత్రమును చూచి చిన్నబాలిక యొకతె వెక్కివెక్కి యేడ్చుట చూచెను. పిమ్మట పిట్స్‌బర్గు నగరపు బాలవైద్యశాలలో ఆ యంత్రపు గదిని ఓడదొంగల ఓడవలె చిత్రింపజేసిరి. యంత్రము మాఱలేదు, దాని ఘోష మాఱలేదు. కథ మాత్రము మాఱినది. కదలక పండుకొనుటకై మత్తుమందు ఈయవలసివచ్చిన బిడ్డల సంఖ్య తగ్గెను. కథలో బిడ్డకొక పాత్ర లభించును. ఎఱ్ఱని శిరస్త్రాణము పెట్టుకొని గంట వాయించు బిడ్డ ఆ గడియలో రోగి కాడు. ఇతరులను రక్షింపబోవు వీరుడు.

ఇందు మఱియొక మేలు కలదు. పొగలో చొచ్చునప్పుడు అగ్నిమాపకభటుడు ముఖమంతయు మూసి, వీపున గాలి తిత్తి మోసి, బుసకొట్టుచు ఊపిరి పీల్చును. ఇల్లు కాలుచుండగా ఆ రూపమును చూచి బిడ్డలు భూతమని భ్రమించి మంచము క్రిందను, అలమర లోపలను దాగుకొందురు. తన్ను రక్షింపవచ్చినవానికే చిక్కక ప్రాణము పోగొట్టుకొను ప్రమాదము కలదు. అందుచేత భటులు బిడ్డలయెదుట కూర్చుండి, మొదట కోటు, పిమ్మట బూటు, కడపట ముసుగు, ఒక్కొక్కటే తొడిగి చూపుదురు. “ఈ ముసుగులో నున్నది నేనే” అని నవ్వుదురు. ముసుగు వెనుక మనుష్యుడు కలడని నేర్చిన బిడ్డకు వైద్యుని ముఖముననున్న గుడ్డ చూచినను భయము తగ్గును.

మందులకే ధనము చాలనిచోట బొమ్మలకు వెచ్చించుట యేల యని కొందఱనవచ్చును. ఆక్షేపణ న్యాయమైనదే. కాని భయపడిన బిడ్డ అన్నము తినదు, నిద్రపోదు, కట్టు విప్పనీయదు. దాని వలన చికిత్సకే చెఱుపు. ఫైరింజను లేకున్నను ఊడ్చిన మూల యొకటి, చాప యొకటి, కడిగిన బొమ్మలు నాలుగు చాలును. ఈ మూలలో సూది రాదను నియమమునకు వెల లేదు. అదియే లేకున్నచో ఎంత ధనము పోసి కట్టిన గదియు వట్టి బొమ్మల కొట్టే.

గ్రామపెద్దలగు మీకు నా విన్నపములు మూడు. మొదటిది. మన యిండ్లలో బిడ్డ అల్లరి చేసినచో “డాక్టరు గారితో చెప్పి సూది వేయింతును” అని బెదరించు వాడుక కలదు. వైద్యుని బూచివానిగా చేసినచో, కష్టకాలమున ఆ బూచివాని చేతికే బిడ్డ నీయవలసివచ్చును. ఈ మాటను మీ యింటనుండి వెడలగొట్టుడు. వైద్యశాలకు గొనిపోవునప్పుడు “నొప్పియే యుండదు” అని బొంకక, “కొంచెము నొప్పి కలుగును, నేను ప్రక్కనే యుందును” అని నిజము చెప్పి, వాని కిష్టమైన బొమ్మను చేతికిండు.

రెండవది. మన పల్లెలలో పూరిండ్లు, కట్టెపొయ్యిలు ఇంకను గలవు. మంట లేచినప్పుడు దాగుకొనరాదనియు, బయటికి పరుగెత్తవలెననియు, ముసుగు వేసికొని వచ్చువాడు ఆప్తుడనియు బిడ్డలకు నేర్పుడు. అగ్నిమాపకదళమును పిలుచుటకు టెలిఫోను సంఖ్య 101. చేయి కాలినచో సిరాయు, పేడయు, నెయ్యియు పూయక, చల్లని పాఱునీటి క్రింద ఇరువది నిమిషములుంచి వైద్యునికి చూపుడు.

మూడవది. మీ ఊరి బిడ్డలు పోవు పట్టణపు వైద్యశాలలో అట్టి మూల యొకటి కలదా యని విచారింపుడు. లేకున్నచో, ఎట్టి బొమ్మలు తగునో వైద్యులనడిగి, ఊరి తరపున నాలుగు పంపుడు. కొండపల్లి, ఏటికొప్పాక వంటి బొమ్మల ఊళ్లు గల దేశము మనది. గుడికి దీపమిచ్చినవాని పేరు శిలపై చెక్కుదురు. రోగశయ్యనుండు బిడ్డకు బొమ్మ నిచ్చినవాని పేరు ఎచ్చటను చెక్కరు. అయినను ఆ రాత్రి ఒక బిడ్డ యేడువక నిద్రపోవును. దానమునకు అంతకు మించిన ఫలము నే నెఱుగను.