దుమ్మును నీళ్లతో అణుద్దాం, ఊపిరి కాపాడుకుందాం
(భవన నిర్మాణ కార్మికుల అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను ఆఫీసరుని కాను. పద్నాలుగేళ్లు టైల్స్, గ్రానైట్ కటింగ్ చేసినవాణ్ణి. ముఖానికి తువాలు చుట్టుకుంటే చాలనుకునేవాణ్ణి. నాతోపాటు మిషన్ పట్టిన మా బావ రెండేళ్లు దగ్గుతో ఆసుపత్రుల చుట్టూ తిరిగాడు. టీబీ అనుకుని మందులు వాడారు. ఆయాసం తగ్గలేదు. చివరికి ఒక డాక్టరు గారు "నువ్వు ఏం పని చేస్తావు?" అని అడిగారు. అప్పుడు తేలింది, సిలికోసిస్ అని. ఆ మాట మేమే ముందు చెప్పి ఉంటే, మా బావ రెండేళ్ల ముందే మిషన్ కింద పెట్టేవాడు.

సిలికోసిస్ అంటే ఏమిటి?

రాయి, ఇసుక, కాంక్రీటు, టైల్స్‌లో సిలికా ఉంటుంది. కోసినప్పుడు, అరగదీసినప్పుడు సన్నని దుమ్మై లేస్తుంది. కంటికి కనబడే దుమ్ము ముక్కులో ఆగుతుంది. కనబడనిదే లోపలికి పోయి ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. ఇలా పాడైన ఊపిరితిత్తిని మళ్లీ బాగుచేసే మందు లేదు. మామూలుగా పదేళ్లు, ఇరవై ఏళ్లకు బయటపడుతుంది. దుమ్ము మరీ ఎక్కువైతే ఇంకా ముందే వస్తుంది. వంటగదికి వేసే కృత్రిమ క్వార్ట్జ్ స్లాబుల్లో సిలికా 90 శాతం దాకా ఉంటుంది. ఈ కారణంతోనే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి వాటిని నిషేధించింది.

పనిలో ఏం చేయాలి?

1. పొడిగా కోయొద్దు. నీళ్ల పైపు ఉన్న కటింగ్ మిషన్ వాడండి. మామూలు గ్రైండర్ మీద చెంబుతో నీళ్లు పోయొద్దు, షాక్ కొడుతుంది. ఎర్తింగ్, షాక్ కొట్టగానే కరెంటు ఆపే స్విచ్ ఉన్నాయో లేదో చూసుకోండి.
2. గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. మూసిన గదిలో కోయొద్దు.
3. చీపురుతో పొడిగా ఊడవొద్దు. నీళ్లు చల్లి ఊడవండి. ఈ పని ఎక్కువగా చేసే అక్కలు మరీ జాగ్రత్త.
4. తువాలు, పల్చని మాస్కు సన్న దుమ్మును ఆపవు. ఎన్95 మాస్కు ముఖానికి అతుక్కునేలా పెట్టుకోండి. గడ్డం ఉంటే సందుల్లోంచి దుమ్ము పోతుంది.
5. పని బట్టలతో ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకోవద్దు. బట్టలు దులపకుండా తడిపి ఉతకండి.

ముందు నీళ్లు, ఆ తర్వాతే మాస్కు. ఈ రెండూ సమకూర్చాల్సింది కాంట్రాక్టరే. వాటి పేరు చెప్పి కూలిలో కోత పెడితే ఒప్పుకోవద్దు.

దగ్గు, ఆయాసం ఉంటే?

డాక్టరు అడగకపోయినా "నేను ఇన్నేళ్లుగా రాయి కోస్తున్నాను" అని చెప్పండి. ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష అడగండి. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ కూడా తేలిగ్గా సోకుతుంది. అందుకే డాక్టరు రాసిన టీబీ మందులు మధ్యలో మానొద్దు. బీడీ, సిగరెట్ మానేయండి.

కాగితాలు ఎందుకు?

సిలికోసిస్ చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి. పని వల్లే వచ్చిందని చూపగలిగితే పరిహారం అడిగే హక్కు ఉంది. మా బావ దగ్గర ఏ సైటులో ఎన్నాళ్లు చేశాడో ఒక్క ముక్క రాసి లేదు. మీరు అలా చేయొద్దు. సైటు పేరు, కాంట్రాక్టరు పేరు, తేదీలు ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఎక్స్‌రేలు పారేయొద్దు.

18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గత 12 నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవచ్చు. కార్డు ఉన్నవాళ్లు గడువు దాటకముందే రెన్యువల్ చేయించుకోండి. మీకు ఏ సాయం వర్తిస్తుందో కార్మిక శాఖ కార్యాలయంలో అడగండి.

రేపు పొద్దున మిషన్ ఆన్ చేసే ముందు, నీళ్లు వస్తున్నాయా అని ఒక్కసారి చూడండి. పక్కవాడికీ చెప్పండి. సెలవు.