నూతిలోని దీపము, యంత్రహస్తము



పాడుపడిన నూతిలోనికి మనుష్యుని దింపుటకు ముందు త్రాటితో దీపమును దింపి చూచుట మన పల్లెలలో పూర్వాచారము. దీపము ఆఱినచో లోన ప్రాణవాయువు చాలదని యెఱిగి పెద్దలు ఎవ్వరిని దిగనిచ్చెడివారు కారు. ఆ దీపము పనిని నేడు ఒక యంత్రము ఎట్లు చేయుచున్నదో విన్నవించెదను.

2015వ సంవత్సరము నవంబరు నెలలో కేరళమందలి కోళిక్కోడు నగరమున మురుగుకాలువ గోతిలో దిగిన ఇద్దరు కూలీలు విషవాయువునకు బలియైరి. వారు పొట్టకూటికై ఆంధ్రప్రదేశమునుండి పోయినవారు. వారిని రక్షింప దిగిన ఆ యూరి ఆటో తోలువాడును లోననే ప్రాణములు విడిచెను. అతనికి మనము ఋణపడియున్నాము.

అట్టి గోతులలో పుట్టు విషములలో హైడ్రోజన్ సల్ఫైడు ముఖ్యమైనది. అది మొదట కుళ్ళిన గ్రుడ్డు కంపు కొట్టును. హెచ్చినచో ముక్కునకు వాసన పట్టు శక్తినే హరించును. కంపు పోయినదని దిగినవాడు మోసపోవును. దీపము వెలుగుచుండగనే అది మనుష్యుని చంపగలదు. పైగా మురుగున పుట్టు మీథేను వాయువు దీపమునకు అంటుకొని మండును. కావున మన పూర్వపరీక్ష ఇచట చాలదు.

కేరళలో కుట్టిప్పురపు ఇంజనీరింగు కళాశాలలో చదివిన కొందఱు యువకులు ఆ దుర్ఘటనకు చలించిరి. విద్యార్థిదశలో వారు మనుష్యదేహమునకు తొడుగు యంత్రకవచమును నిర్మించియుండిరి. ఆ విద్యనే ఈ వైపు మరల్చి, గోతిలో దిగి మురుగు తీయు యంత్రమొకటి నిర్మించిరి. అది 2018లో తిరువనంతపురమున పనికి వచ్చెను. దాని పేరు బాండికూట్. ఈ ఆంగ్లపదము మన పందికొక్కునుండియే పుట్టినదని నిఘంటుకారులు చెప్పుదురు.

ఈ యంత్రమునకు సాలెపురుగునకువలె కాళ్ళును, మురుగును తోడు చేయియు, వాయువులను పసిగట్టు సాధనములును, నీటికి చెడని కెమెరాలును కలవు. నడుపువాడు గట్టుపైననే నిలిచి తెరపై చూచుచు దానిని నడుపును. పూర్వము గోతిలో దిగినవారికే ఈ నడుపు పని నేర్పుచున్నారు. ఇనుప అవయవములను, విద్యుత్తును, గణనయంత్రమును ఒక్కటిగా కూర్చు ఈ శాస్త్రమునకు మెకట్రానిక్సు అని పేరు. ఈ పదము 1969లో జపానులోని యస్కావా సంస్థలో పుట్టినది.

ఇప్పుడు మన పల్లెలలోను మరుగుదొడ్ల తొట్లు ఇంటింట వెలసినవి. రక్షణసాధనములు లేకుండ వానిలోనికి మనుష్యుని దింపుటను 2013నాటి చట్టము నిషేధించినది. ఎవడైన లోన పడినచో వెంట దుముకక అగ్నిమాపకదళమును పిలువవలెను. ఆ యంత్రము మన యూరికి ఎప్పుడు వచ్చునో రానిండు. నాడు దీపము ఆఱగనే మన తాతలు చెప్పిన "దిగవద్దు" అను మాటను మనము నేడే చెప్పవచ్చును.